వీరాయమ్మ తేనెచుక్కలు

తణుకులో వీరాయమ్మ అని ఒకావిడ ఉండేది; వద్దన్నవాళ్ళకి కూడా బలవంతంగా తినిపించడం ఆవిడకున్న ఒకే ఒక్క చెడ్డ అలవాటు. పోస్టుమాన్ కూడా రెండు గారెలు తిననిదే ఆ గుమ్మం దాటలేకపోయేవాడు.

ఆవిడ కూతురు సుభాషిణికి ఆడపిల్ల పుట్టింది. బొడ్డు పక్కనున్న చిన్న కన్నంలోంచి పిల్ల పేగులు బయటికి వచ్చేసి ఉన్నాయి. వెంటనే పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళారు.

డాక్టరమ్మ ఆ పేగులకి పలచటి సంచి తొడిగి పైకి కట్టింది.

"రోజూ కాస్త కాస్త లోపలికి దించుతాం. కడుపులో చోటు కుదిరాక కుట్టేస్తాం. పేగులు పనిచెయ్యడం మొదలుపెట్టేదాకా నోట్లో చుక్క కూడా పొయ్యకూడదు," అంది.

"మరి బతికేదెలా తల్లీ?"

"సూదిలోంచి నెత్తురులోకి తిండి పోతోంది, మామ్మగారూ."

వీరాయమ్మకి నమ్మకం కుదరలేదు. నోటితో తిననిది తిండెలా అవుతుంది?

మూడో రోజు పిల్ల కేరుమని ఏడుస్తుంటే ఆవిడ ఉండబట్టలేకపోయింది. నర్సు అటు తిరగగానే కొంగుముడిలోంచి తేనెసీసా తీసి నాలుగు చుక్కలు నాలిక మీద వేసింది. కాసేపటికి పిల్ల పసరు కక్కింది. అది ఊపిరికి అడ్డం పడి, పెదాలు నీలంగా మారాయి. నర్సు పరుగున వచ్చి గొంతు శుభ్రం చేసి ఆక్సిజన్ పెట్టింది. గండం గడిచింది కానీ, రెండు రోజులదాకా పేగులు దించడానికి వీల్లేకపోయింది.

"ఆకలికి ఏడుస్తుంటే చూడలేకపోయానే," అంది వీరాయమ్మ.

"పెట్టకపోతే ఉండలేనిది నువ్వమ్మా. చావబోయింది నా కూతురు," అంది సుభాషిణి.

వీరాయమ్మ కొంగుముడి విప్పింది. సీసా తీసుకెళ్ళి నర్సుకి ఇచ్చేసింది.

"నా చేతులు ఊరుకోవు సిస్టరమ్మా. ఏదైనా పని చెప్పు."

"శుభ్రంగా కడుక్కొచ్చి పిల్ల వేలు పట్టుకుని కూర్చోండి. అదే పని."

ఆవిడ అలాగే కూర్చునేది. పిల్ల ఏడిస్తే తనూ ఏడ్చేది.

పేగులన్నీ లోపలికి వెళ్ళాక డాక్టరమ్మ కడుపు కుట్టింది. ఆ తర్వాత పన్నెండో రోజు పొద్దున్నే వీరాయమ్మ వరండాలోకి పరిగెత్తింది.

"నా మనవరాలు దొడ్డికెళ్ళిందర్రా!"

అందరూ గొల్లున నవ్వారు. పేగులు పనిచేస్తున్నాయని డాక్టరమ్మ పాలు పట్టమంది. మొదటిసారికి ఒక్క మిల్లీలీటరే. సుభాషిణి తన పాలు పట్టింది. పిల్ల చప్పరించి మింగింది, కక్కలేదు.

"ఇంకాస్త పోద్దామా, మామ్మగారూ?" అని నర్సు ఆటపట్టించింది.

"తొందరేముందే? దాని పేగులు అడిగినప్పుడు పోద్దాం," అంది వీరాయమ్మ కళ్ళు తుడుచుకుంటూ.

నీతి: పెట్టడం ప్రేమే, పెట్టకూడని వేళ చెయ్యి ఆపుకోవడం అంతకన్నా పెద్ద ప్రేమ.