తవుడు బేరం

మా గురువుగారు సన్న్యాసం పుచ్చుకోకముందు విజయనగరంలో నోటరీ వకీలు. అందుకేనేమో, వేదాంతంలో ఎవరు ఏ సందేహం అడిగినా ఆయన నోట శ్లోకం రాదు, కేసు వస్తుంది. "వాదనలో ఓడినవాళ్ళని చాలామందిని చూశాను నాయనా. ఓడి మారినవాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు" అంటారు. కొత్తగా ఆశ్రమానికి వచ్చినవాళ్ళకి ఇది రుచించదు. మా పాతవాళ్ళకి అలవాటైపోయింది.

ఒకరోజు పొద్దున్న పాఠం అయ్యాక గౌరీపతి లేచి నిలబడ్డాడు. మంచివాడే, బ్యాంకు ఉద్యోగం వదులుకుని వచ్చినవాడు, కాస్త తొందరెక్కువ. "గురువుగారూ, ఆత్మకి పేరు లేదని రోజూ చదువుకుంటున్నాం కదండీ. నాకు మా తాత పేరు పెట్టారు. ఎవరైనా పిలిచినప్పుడల్లా ఇల్లూ వాకిలీ, పాత గొడవలూ గుర్తొస్తాయి. మీరొక దీక్షానామం ఇస్తే ఈ పాతపేరు వదిలేస్తాను. పేరు వదిలేస్తే తప్పేముందండీ?" అన్నాడు. చివర 'ఆనంద' అని వచ్చేలా మూడు పేర్లు రాసుకుని కూడా తెచ్చుకున్నాడు మహానుభావుడు. వెనక వరసలో మాకు నవ్వాగలేదు. గురువుగారు మాత్రం నవ్వలేదు. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుని, "ఇది చెప్పాలంటే నాకు సిగ్గేస్తుంది. అయినా చెబుతాను, కూర్చో" అన్నారు. ఆయన చెప్పినదాన్ని ఆయన మాటల్లోనే రాస్తున్నాను.

"నా దగ్గరికి తేజోవర్ధన్ అని ఒకాయన వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి, విశాఖలో పెద్ద కంపెనీలో మేనేజరు. కూతురి పెళ్ళి చేసి ఆరు నెలలైంది. వియ్యంకులు కలిగినవాళ్ళు. రెండు కుటుంబాలూ కలిసి చెన్నైలో ఓడెక్కి శ్రీలంక వెళ్ళి రావాలని టిక్కెట్లు కొనుక్కున్నారు. తీరా చూస్తే ఆయన కాగితాలు ఒకదానితో ఒకటి కలవలేదు. ఆధార్ కార్డులో, పాన్ కార్డులో, ఓడ టిక్కెట్టులో తర్వాత తనే పెట్టుకున్న పేరు, తేజోవర్ధన్. పాస్‌పోర్టులో మాత్రం తవిటయ్య. ఎప్పుడో స్కూలు సర్టిఫికెట్ పెట్టి తీసుకున్న పాస్‌పోర్టు, అదే పేరుతో పొడిగించుకుంటూ వచ్చాడు. రెండు పేర్లతో ఓడెక్కనివ్వరని ఏజెంటు చెప్పేశాడు.

నేను కాగితాలన్నీ చూసి, 'దీనికింత కంగారెందుకండీ? టిక్కెట్టులో పేరు మార్పించుకోండి. తవిటయ్య అని రాయిస్తే సరిపోతుంది, ఒక్కరోజు పని' అన్నాను. ఆ మాటకి ఆయన ముఖం మాడిపోయింది. 'వద్దండీ. ఓడలో గది తాళం మీద నుంచి భోజనాల బల్ల దాకా ఆ పేరే ఉంటుందిట. మా వియ్యాలవారి ముందు నన్ను తవిటయ్యా అని పిలిస్తే నేను సముద్రంలో దూకాలి. పాస్‌పోర్టే మార్పించండి' అన్నాడు.

ఆ పేరు ఎలా వచ్చిందో మీలో ఉత్తరాంధ్ర వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆయనకి ముందు వాళ్ళమ్మకి ముగ్గురు పిల్లలు పుట్టి పురిట్లోనే పోయారు. నాలుగోవాడు ఈయన. పుట్టగానే చేటలో పడుకోబెట్టి పెంటకుప్ప మీద పెట్టేసింది, ఈ బిడ్డ నాకక్కర్లేదు అన్నట్టుగా. పక్కింటి అప్పలనరసమ్మ వచ్చి, చేరెడు తవుడిచ్చి బిడ్డని కొనుక్కుంది. 'ఈ గుంటడు నావోడు, నువ్వు పెంచు' అని మళ్ళీ ఆ తల్లి చేతిలోనే పెట్టింది. తవుడికి కొన్నారు కాబట్టి తవిటయ్య. మృత్యువు కూడా అంత చవక సరుకుని ముట్టుకోదని వాళ్ళ నమ్మకం. బిడ్డ బతికాడు. కన్నతల్లి అప్పటికి నాలుగేళ్ళ ముందే పోయింది. కొనుక్కున్న తల్లి మాత్రం అప్పటికి ఉంది. చిన్నప్పుడు ఆవిణ్ణి అమ్మా అనేవాడట. ఉద్యోగం వచ్చాక పెద్దమ్మా అన్నాడు. కూతురి పెళ్ళిలో వియ్యపురాలు ఈవిడెవరని అడిగితే, మా ఊరి మనిషండీ అన్నాడు. ఇవన్నీ తర్వాత ఆయనే చెప్పుకున్నాడులే.

పేపరు ప్రకటన వేయించాం. అఫిడవిట్ రాశాను. అప్పుడు నా తెలివి వెలిగింది. 'పుట్టినప్పటి నుంచి ఎరిగున్న మనిషి ఎవరైనా సాక్ష్యం వేస్తే కాగితం గట్టిగా ఉంటుందండీ' అన్నాను. చట్టం అడగలేదు నాయనా, నేనడిగాను. మర్నాడే ఆవిణ్ణి కారులో తీసుకొచ్చాడు. ఓడెక్కడానికి నీ వేలిముద్ర కావాలి పెద్దమ్మా అని మాత్రమే చెప్పాడట. ఎనభై దాటిన మనిషి. నా ఆఫీసు మెట్లెక్కుతూనే అక్కడున్న గుమాస్తాకీ, టీ తెచ్చినతనికీ, 'మా గుంటడు ఓడెక్కుతున్నాడు బాబూ, సముద్రం మీద ఎల్తాడట' అని చెప్పుకుంది. ఆయన అటు తిరిగి ఫోను చూసుకుంటున్నాడు.

చదువు రానివాళ్ళకి కాగితం చదివి వినిపించాలి, అది పద్ధతి. చదివాను. 'తవిటయ్య అనే పేరును నేటితో పూర్తిగా విడిచిపెట్టి' అన్న చోట ఆవిడ చెయ్యెత్తింది.

'ఆగండి బాబూ. ఇడిసిపెట్టడమంటే ఏటి?'

ఆయనే జవాబు చెప్పాడు. 'పేరే కదా పెద్దమ్మా. నలుగురిలో ఆ పేరు పిలిస్తే నా పరువేం కావాలి?'

'నాను పెట్టిన పేరుకి పరువు నేదేట్రా?' అంది. ఆయన నేల చూశాడు.  ఆవిడ ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. 'సరే, ముద్రేస్తాను. మరి నా తవుడు నాకిచ్చీ' అంది.

ఆయన నా వంక చూసి నవ్వాడు. నేనూ నవ్వాను. ముసలమ్మ చాదస్తం అనుకున్నాం ఇద్దరం. ఎదురుగానే దాణా కొట్టుంది. ఆయన గబగబా వెళ్ళి సంచీ నిండా తవుడు తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టాడు, పీడ వదిలిందన్నట్టు. ఆవిడ సంచిలో చెయ్యి పెట్టి చూసింది. పిడికెడు తీసి వాసన చూసింది. 'మంచి తవుడే' అంది. చేరెడు మాత్రం కొలిచి కొంగున మూటకట్టుకుంది. మిగతాది బల్ల మీదే వదిలేసింది. తర్వాత వేలు ముందుకి చాచింది. ముద్ర పడింది.

ఆవిడ లేస్తుంటే ఆయన రెక్క పట్టుకోబోయాడు. ఆవిడ చెయ్యి విడిపించుకుని, రెండు చేతులూ జోడించింది. 'ఎల్లొస్తానండి బాబుగారూ' అంది. ఆయన 'కారుంది పెద్దమ్మా' అన్నాడు. 'తమరి కారెందుకండీ, బస్సున్నాది' అంది. పుట్టిన నాటి నుంచి ఒరే అన్న నోటితో అండీ అంది నాయనా! కోపంగా అని ఉంటే తిట్టనుకుని సరిపెట్టుకునేవాడు. బజార్లో దారి అడిగినప్పుడు కొత్తమనిషిని ఎంత మర్యాదగా పిలుస్తామో, అంతే మర్యాదగా అంది. ఆ మనిషి కాగితం పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయాడు. ఎంతసేపటికీ తలెత్తలేదు.

వారం తర్వాత మళ్ళీ వచ్చాడు.  పాస్‌పోర్టు ఆఫీసు గేటు దాకా వెళ్ళి వెనక్కొచ్చేశాడట. అట్నుంచటే ఊరెళ్ళాడు. ఆవిడ చాప వేసి, 'కూకోండి బాబూ' అని మజ్జిగ ఇచ్చిందట. ఆయన ఆవిడ కాళ్ళ మీద పడ్డాడు. 'అమ్మా, బుద్ధి గడ్డి తిని అడిగాను. నా పేరు నాకిచ్చెయ్' అన్నాడు. అన్ని ఏళ్ళ తర్వాత మళ్ళీ అమ్మా అన్నాడు. ఆవిడ ఆయన్ని లేవదీసి కూర్చోబెట్టి, 'తవుడు గేదె తినీసింది బాబూ. ఇంకేటి తిరిగిచ్చీమంటారు?' అందట."

గురువుగారు అక్కడ ఆగిపోయారు. పాఠాల్లో ఆయన ఆగడం మేమెరుగుదుం, ఏ మాటో వెతుక్కుంటూ ఆగుతారు. ఇది అలా లేదు. గౌరీపతికి ఉండబట్టలేదు. "మరి ఓడ ఎక్కాడాండీ?" అన్నాడు.

"ఎక్కాడు. నేను రాసిన కాగితం చింపేసి, టిక్కెట్టు తవిటయ్య పేరుకే మార్పించుకున్నాడు. రేవులో గట్టిగా పిలిచారట. నేనే అని ముందుకెళ్ళాడు. వియ్యంకుడు ఫోనులో క్రికెట్టు చూసుకుంటున్నాడు, ఆ పేరు ఆయన చెవినే పడలేదట. వియ్యపురాలు మాత్రం విని, 'మా పెద్దన్నయ్య కూడా కొనుక్కున్న బిడ్డేనండీ, పెంటయ్య' అందట. ఈయనకి ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. ఆ నాలుగు రోజులూ సముద్రం ఎలా ఉందో కూడా చూడలేదని చెప్పాడు."

"తిరిగొచ్చాక ఆవిడ మళ్ళీ ఒరే అని పిలిచిందాండీ?"

"నెలకోసారి వెళ్ళేవాడు. ఆవిడ పోయేదాకా వెళ్ళాడు. ప్రతిసారీ చాప వేసేది, మజ్జిగ ఇచ్చేది. బాగున్నారా బాబూ అనేది."

 ఇందాక నవ్వినవాళ్ళం తలలు వంచుకున్నాం. నాకైతే మా నాయనమ్మ పెట్టిన ముద్దుపేరు గుర్తొచ్చింది. కాలేజీలో స్నేహితుల ముందు ఆ పేరుతో పిలిచిందని ఆవిడ మీద నేను అరిచిన రోజు గుర్తొచ్చింది. గౌరీపతి ముఖం ఎర్రబడింది, అయినా పట్టు వదల్లేదు. "ఆయన చేసింది తప్పేనండీ, కాదనను. కానీ మీరేం చేశారు గురువుగారూ? మీరు మీ పని చేశారు. మీకు సిగ్గెందుకు?" అన్నాడు.

గురువుగారు కళ్ళజోడు పెట్టుకోబోయి మళ్ళీ తీసేశారు.

"అదే నాయనా. ఆ కాగితంలో ఎంత వెతికినా ఒక్క తప్పు దొరికేది కాదు. కింద నోటరీ ముద్ర కూడా నాదే."