యాభయ్యో ప్రతి

ప్రశ్న అడిగినవాడికి ఇందుమతి గారు జవాబు చెప్పేవారు కారు, పని చెప్పేవారు. ముప్పై ఏళ్లు భౌతికశాస్త్రం బోధించి రిటైరైనా ఆ అలవాటు పోలేదు. ఆవిడ శిష్యులకు సందేహాలు తక్కువ, చాకిరీ ఎక్కువ అని యూనివర్సిటీలో వేళాకోళం చేసేవారు.

ఒక మధ్యాహ్నం భానోజీ ఆవిడ ఇంటికి వచ్చాడు. ఆవిడ దగ్గరే చదువుకుని, అక్కడే లెక్చరరు అయినవాడు. పదకొండేళ్లు ఒకే స్ఫటికం మీద పనిచేసి అతను రాసిన వ్యాసాన్ని ఇప్పటికి ముగ్గురు తమ వ్యాసాల్లో ఉదహరించారు. ఆ ముగ్గురిలో ఒకరు అతనే. ప్రమోషన్ ఇంటర్వ్యూలో ఆ అంకె చూసి ఒక పెద్దమనిషి నవ్వాడట. ఇక ల్యాబ్ తాళంచెవి తిరిగి ఇచ్చేసి, పాఠాలు చెప్పుకుని బతుకుదామని నిశ్చయించుకున్నాడు. ఆ మాట చెప్పిపోదామని వచ్చి, చెప్పలేక ఇలా అడిగాడు.

"ఎవరూ తలుచుకోని పని, చేసినట్టా, చెయ్యనట్టా మేడమ్?"

ఆవిడ బీరువా పైఅరలో ఉన్న కట్టను దింపమన్నారు. పాత పురికొస విప్పితే అన్నీ ఒకే రెండు పేజీల వ్యాసం ప్రతులు. రాసింది అలివేలు అనే ఆమె. పూర్వం వ్యాసం అచ్చయితే పత్రికవాళ్లు యాభై ప్రతులు పంపేవారు. ఎవరైనా కార్డు రాసి అడిగితే రచయిత పోస్టులో పంపుకోవాలి. లెక్కపెట్టమన్నారు. నలభై తొమ్మిది ఉన్నాయి.

చదవమన్నారు. మొదటి పేజీ మధ్యలోనే భానోజీ ఆగిపోయాడు. ఇందుమతి గారికి పేరు తెచ్చిన కొలత, భానోజీ కూడా ఏటా తన క్లాసులో గొప్పగా చెప్పుకునే కొలత తప్పని అందులో ఉంది. థర్మామీటరు తీగను స్ఫటికానికి కాక, అడుగున ఉన్న ఇత్తడి దిమ్మెకు అతికించడం వల్ల వేడి రెండు డిగ్రీలు ఎక్కువ చూపించిందని రాసి ఉంది. ఒక్క పరుషమైన మాట లేదు. చివర కృతజ్ఞతల్లో గురువుగారి పేరే ఉంది.

తర్వాత ఆ కొలత ఉన్న తన వ్యాసాన్నీ, ఈ వ్యాసాన్నీ ఎందరు ఉదహరించారో చూడమన్నారు. భానోజీ ఫోనులో వెతికాడు. తప్పు కొలతకు ఆరువందల పన్నెండు, పోయిన నెల ఒకటి కలుపుకుని. అలివేలు వ్యాసానికి సున్నా.

అలివేలు తన మొదటి శిష్యురాలని, ఒక్క కార్డైనా వస్తుందేమోనని రెండేళ్లు చూసి పరిశోధన మానేసిందని, ఏదో ఆఫీసులో గుమాస్తాగా చేరిందని ఇందుమతి గారు చెప్పారు. మొన్న మాఘంలో ఆమె పోతే, తమ్ముడు ఈ కట్ట తెచ్చి ఇచ్చి వెళ్లాడు.

యాభయ్యోది ఏమైందని భానోజీ అడిగాడు. ఆవిడ బల్లసొరుగు లాగి తీశారు. పైన సిరాతో "గురువుగారికి, నమస్కారాలతో" అని ఉంది. అచ్చయిన వారమే అలివేలు తెచ్చి చేతికిచ్చిందట. ఆ తర్వాత ఇందుమతి గారు అదే విషయం మీద పద్నాలుగు వ్యాసాలు రాశారు.

భానోజీకి ఏడుపొచ్చింది. ఆమె చేసింది నిజమైన పనే కదా, లోకం పట్టించుకోకపోతే అది ఆమె తప్పా అన్నాడు.

ఆవిడ ఆ కట్ట మళ్లీ కట్టలేదు.

"లోకందాకా ఎందుకు నాయనా," అన్నారు. "ఆ సున్నాని ఒకటి చెయ్యడానికి పద్నాలుగుసార్లు నా చేతిలోనే కలం ఉంది."