అధికారిగారి పటం

రాజధాని చుట్టూ పేటలు పెరిగీ పెరిగీ బడులు నలభై అయ్యాయి. ఆ నలభైకీ పెద్ద అధికారి పరాంకుశరావుగారు. ఆయన తనిఖీ అంతా పల్లకీలోంచే. దిగితే చెప్పులకు బడి దుమ్ము అంటుకుంటుందని బెంగ.

కుమ్మరిపేట బడి ఊడ్చి గంట కొట్టే నూకాలు ఓసారి ఆ పల్లకీకి అడ్డం నిలబడింది. "బాబుగారూ, మా మూడు గదులూ కురుస్తున్నాయి. పిల్లలు పలకలు నెత్తిన పెట్టుకుని కూర్చుంటున్నారు. పెంకులు వేయించండి."

"పిల్లలు తడిస్తే ఆరతారు. పెంకుల సంగతి వచ్చే ఏడు చూద్దాం," అన్నారాయన. పల్లకీ కదిలిపోయింది.

ఆ నెలలోనే ఆయన తన నిలువెత్తు చిత్రపటాలు నలభై గీయించి, అందరికీ కనిపించేలా పెట్టమని బడికొకటి పంపించారు. నూకాలు మొదటి గదిలో, సరిగ్గా ధార పడేచోట పటాన్ని నిలబెట్టింది. వాన మొదలవగానే కచేరీకి కబురంపింది: "బాబుగారి మీసం కారిపోతోంది."

మర్నాటికల్లా ఆ గదికి కొత్త పెంకులు పడ్డాయి. వెనకాలే పరాంకుశరావుగారు కోపంతో ఊగిపోతూ వచ్చి, మొట్టమొదటిసారి పల్లకీ దిగారు.

"ఇంత బడిలో నా పటానికి ఈ చోటే దొరికిందా?"

"పిల్లలు తడిస్తే ఆరతారు బాబూ. తమరు తడిస్తే వెలిసిపోతారు. ఆ తేడా తమకు తెలియాలి కదా!"

"నోర్ముయ్! ముందు దాన్ని వేరే గదిలో పెట్టు!"

"చిత్తం," అని నూకాలు పటాన్ని భద్రంగా మోసుకెళ్లి రెండో గది మధ్యలో నిలబెట్టింది.

పరాంకుశరావుగారు తలెత్తి చూశారు. కప్పులోంచి నల్లటి మబ్బు కనిపించింది.