తెల్లగా వదిలిన ఊరు

అనగనగా ఒక ఊళ్ళో అని మొదలుపెడదామంటే, ఆ ఊరే లేదమ్మా తల్లీ. ఒకప్పుడు ఉండేది, తర్వాత లేకుండా పోయింది. సాయంత్రం బడి నుంచి ఏడుస్తూ వచ్చావు చూడు, నీ బొమ్మలో తెల్లగా వదిలిన చోట మీ టీచరమ్మ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి 'ఇక్కడ రంగేదీ?' అని రాసిందని? అది పొగమంచని నీకు తెలుసు, నాకు తెలుసు. సరే, ముక్కు తుడుచుకో. ఇటు జరుగు. ఈ కథ నీ కోసమే.

చీనా దేశంలో ఒక పెద్ద ఏరు. ఆ ఏటి ఒడ్డున వెదుళ్ళ రేవు అని ఒక ఊరు. ఆ ఊళ్ళో వాన్యీ అనే అమ్మాయి ఉండేది. నవ్వకు, నీ పేరు వింటే వాళ్ళూ ఇలాగే నవ్వుతారు. వాన్యీ వాళ్ళమ్మ రేవులో బట్టలు ఉతికేది. తాత బొమ్మలు వేసేవాడు. వాన్యీ గోధుమపిండితో జిగురు కాచి, తాత వేసిన బొమ్మల వెనక కాగితం మీద కాగితం అంటించేది. బొమ్మ వేయడం ఒక ఎత్తు, దాన్ని వందేళ్ళు చిరగకుండా అంటించడం ఇంకో ఎత్తు.

ఒక ఏడు ఏటికి వరద వచ్చింది. అవతలి ఒడ్డున రాజుగారి పూలతోట ఉంది. తోట మునిగిపోతుందని రాజు ఏం చేశాడో తెలుసా? సైనికుల్ని పంపి ఇవతలి ఒడ్డున కరకట్టకి గండి కొట్టించాడు. నీళ్ళన్నీ ఇటు పడ్డాయి. తోట మిగిలింది, ఊరు పోయింది. వాన్యీ, తాత కాగితం కొనడానికి కొండ మీదికి వెళ్ళారు కాబట్టి బతికారు. వాళ్ళమ్మ రేవులో ఉంది. ఆమె దక్కలేదు.

ఆ తర్వాత రాజు ఊరూరా చాటింపు వేయించాడు, కట్ట దానంతట అదే తెగిందని. హవ్వ! నిజం చెప్పినవాళ్ళని కొరడాలతో కొట్టించాడు. రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా? దాంతో అందరూ నోళ్ళు కుట్టేసుకున్నారు.

అప్పుడు తాత కుంచె తీశాడు. మా చిన్నప్పుడు పటం కథలవాళ్ళు వచ్చేవాళ్ళని చెప్పాను గుర్తుందా, బొమ్మలు వేసిన పొడుగాటి గుడ్డని కొంచెం కొంచెంగా విప్పుతూ కథ చెప్పేవాళ్ళని? అలాంటిదే. మన పటం పైనుంచి కిందికి దిగుతుంది, వాళ్ళది కుడి నుంచి ఎడమకి నడుస్తుంది. తాత మూడేళ్ళు కూర్చుని ఏరంతా వేశాడు. కొండలో ఊట, ఊట కింద వాగు, వాగు మీద వంతెన, వంతెన మీద మేకలవాడు. ఆ తర్వాత ఏరు, ఏటి ఒడ్డున రాజుగారి జెండా, పలుగులు పట్టుకున్న సైనికులు. ఆ తర్వాత రేవుకి దిగే రెండు మెట్లు, పై మెట్టు మీద బట్టల బుట్ట.

అంతే. ఆ పక్కన ఏమీ లేదు. మూడు మూరల తెల్లకాగితం.

"ఊరు వేయవా తాతా?" అని అడిగింది వాన్యీ.

"వేశాను కదమ్మా," అన్నాడు తాత.

వాన్యీకి అర్థమైంది, ఏడ్చింది. వాళ్ళమ్మకి సమాధి లేదు, ఒక్క బొమ్మ లేదు. ఉన్నదల్లా ఆ బుట్ట, దాని పక్కన ఆ తెలుపు. ఆ చలికాలమే తాత పోయాడు. పోతూ పోతూ ఒకటే మాట అన్నాడు, "ఆ చోట ఎవరినీ చెయ్యి పెట్టనివ్వకు."

ఇక్కడ నీకో సంగతి చెప్పాలి. ఆ దేశంలో పటం ఎవరి దగ్గరుంటే వాళ్ళు దాని మీద ఎర్ర ముద్ర వేసుకుంటారు, ఇది నాది అని. మామూలు మనుషులు మూలన బుద్ధిగా చిన్నది వేస్తారు. ఈ రాజుకి బుద్ధి ఎక్కడిది? దేశంలో పేరున్న పటాలన్నీ లాక్కుని, అరచెయ్యంత ముద్ర ఎక్కడ పడితే అక్కడ గుద్దేవాడు. గుర్రం బొమ్మయితే గుర్రం పొట్ట మీద, కొండ బొమ్మయితే ఆకాశం నడిమధ్య. ఎంత పెద్ద చిత్రకారుడు వేసినా సరే, ముందు కనిపించేది ఈయన ముద్రే!

తాత పటం సంగతి రాజు చెవిన పడింది. అప్పుడు మొదట ముద్రల అధికారి వచ్చాడు, నడుముకి పట్టుసంచి, సంచిలో ముద్ర. అప్పటికే వాన్యీ జిగురు పూసి పటాన్ని గోడకి అంటించి ఆరబెడుతోంది. లాగితే చిరిగిపోతుంది, ఊడదీయడానికి లేదు. ఆయన దాన్ని ఎగాదిగా చూసి సంబరపడిపోయాడు.

"ఎంత ఖాళీ! రాజుగారి ముద్ర కోసమే వదిలినట్టుంది," అని ముద్రకి ఎర్రరంగు అద్ది చెయ్యెత్తాడు.

వాన్యీ చటుక్కున తన చెయ్యి అడ్డం పెట్టింది. ముద్ర ఠపీమని ఆమె చేతి మీద పడింది. అధికారి నోరు వెళ్ళబెట్టాడు.

"ఇప్పుడు ఈ చెయ్యి రాజుగారిదన్నమాట," అంది వాన్యీ. "తీసుకెళ్తారా మరి? రోజూ జిగురు కాచే పని ఉంది దీనికి."

పటం మీద వేయాల్సిన ముద్ర పనిపిల్ల చేతి మీద వేసొచ్చానని రాజుకి ఎలా చెప్తాడు? తోక ముడిచి పోయాడు.

ఆ తర్వాత ఆస్థాన చిత్రకారుడు వచ్చాడు. ఫెంగ్ అని ముసలాయన. రాళ్ళు నూరిన ఆకుపచ్చ, నీలం, బంగారు రంగు అన్నీ తెచ్చాడు. ఆ ఖాళీలో రాజుగారి మేడ వేయాలట. అప్పటికి పటం ఆరింది, వాన్యీ చాప చుట్టినట్టు చుట్టి పెట్టెలో పెట్టింది.

"ముందు చేతులు కడుక్కోండి. మొదటి నుంచి చూడండి. చూశాక మీ ఇష్టం," అంది.

ఫెంగ్ మూరెడు విప్పి, చూసి, కుడివైపు చుట్టి, మళ్ళీ మూరెడు విప్పాడు. ఊట దాటాడు, మేకలవాణ్ణి చూసి నవ్వాడు. పలుగుల దగ్గర నవ్వు ఆగింది. బుట్ట దాటి తెలుపు దగ్గరికి వచ్చాడు. చాలాసేపు ఆ తెలుపులోకి చూస్తూ కూర్చున్నాడు. కుంచె తడపనైనా తడపలేదు.

వెళ్ళి రాజుతో, "అక్కడ చోటు లేదు ప్రభూ," అన్నాడు.

రాజు అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. మూడోసారి సైనికులే వచ్చారు, పటంతో సహా వాన్యీని సభకి పట్టుకెళ్ళారు. తాటాకు చప్పుళ్ళకు కుందేళ్ళు బెదరవు కదా, ఆ పిల్ల తల దించలేదు. కాళ్ళు మాత్రం వణికాయి. వణికితే వణికాయిలే. ధైర్యమున్నవాళ్ళ కాళ్ళు వణకవని ఎవరన్నారు?

"విప్పి నేల మీద పరవండి," అన్నాడు రాజు.

"పటం అలా చూడకూడదు ప్రభూ," అంది వాన్యీ. "సొంత చేతులతో విప్పాలి. రోజుకి పది పటాల మీద ముద్ర వేసే మీకు ఆ మాత్రం తెలియదా?"

సభలో ఎవరో కిసుక్కున నవ్వారు. రాజుకి రోషం వచ్చింది. తానే రెండు చేతులా పటం పట్టుకుని విప్పడం మొదలుపెట్టాడు. ఊట వచ్చింది, బాగుందన్నాడు. వంతెన వచ్చింది, భేష్ అన్నాడు. ఆ తర్వాత సైనికులు వచ్చారు, పలుగులు వచ్చాయి, తన జెండా వచ్చింది. రాజు గబగబా విప్పాడు. బుట్ట వచ్చింది. చివరికి ఆ తెలుపు వచ్చింది.

"ఇదేంటి?" అన్నాడు రాజు.

"వెదుళ్ళ రేవు ప్రభూ. మీ చేతులతో మీరే విప్పారు. ముద్ర వేస్తానన్నారుగా, వేయండి. ముద్ర పడితే పటం మీదే, పటంలో ఉన్నదంతా మీదే. ఇక వెయ్యేళ్ళపాటు దీన్ని విప్పినవాళ్ళు ఈ ఊరిని ఎవరు ముంచారని అడిగితే, మీ ముద్రే జవాబు చెప్తుంది."

రాజు ముద్ర అందుకున్నాడు. చెయ్యి పైకి లేచింది కానీ కిందికి దిగదు. సభంతా గుడ్లప్పగించి చూస్తోంది.

"తగలబెట్టిస్తాను దీన్ని!" అని అరిచాడు.

అప్పుడు వెనక నుంచి ముసలి ఫెంగ్ లేచాడు. "కానివ్వండి ప్రభూ. నేను చూశాను. బుట్టతో సహా మళ్ళీ వేస్తాను." ఆయన శిష్యుడొకడు లేచాడు, "నేనూ వేస్తాను." ఆ పక్కన ఇంకొకడు లేచాడు. నోళ్ళు కుట్టేసుకున్నవాళ్ళందరికీ ఒక్కో కుట్టూ తెగింది.

రాజు మొహం కాగితం కంటే తెల్లబడింది. ముద్రని సంచిలో పడేశాడు.

"ఈ పటం నాది కాదు. నాకొద్దు, తీసుకుపో," అన్నాడు.

"అందరూ విన్నారు కదా!" అని వాన్యీ పటం చుట్టి చంకన పెట్టుకుని, వచ్చిన దారినే నడిచి వెళ్ళిపోయింది. దేశంలోని గొప్ప పటాలన్నింటిలో రాజుగారి ముద్ర లేనిది అదొక్కటే.

ఏటా వరదలు తగ్గాక, ఆ ఊళ్ళో బతికి బయటపడ్డవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చి పటం చుట్టూ కూర్చునేవాళ్ళు. తెలుపు వచ్చినప్పుడు ఒక ముసలాయన వేలితో గాల్లో చూపిస్తూ, "ఇదిగో మా ఇల్లు," అనేవాడు. "ఇది మా గొడ్లసావిడి," అనేది ఇంకో అవ్వ. వాన్యీ చివర్న చెప్పేది, "ఇక్కడ మా అమ్మ." ఎవరూ ఆ కాగితాన్ని తాకేవాళ్ళు కాదు.

ఏంటి తల్లీ? రేపా? రేపు నీ బొమ్మ పట్టుకునే బడికి వెళ్ళు. టీచరమ్మతో మర్యాదగా చెప్పు, కానీ గట్టిగా చెప్పు, అది ఖాళీ కాదండీ, పొగమంచండీ అని. కాళ్ళు వణికితే వణకనీ. అవతల గేటు దగ్గర నేనుంటాగా.

పటం పోయె పెట్టెలోకి,
ముద్ర పోయె సంచిలోకి,
కథ పోయె కంచిలోకి,
నువ్వూ నేనూ దుప్పట్లోకి!