గుల్లలపాలేనికి ట్రాము వచ్చిన రోజు

అనగా అనగా అని నేనంటాను, ఊఁ అని మీరనాలి. ఊఁ అనకపోతే నా కథ కదలదు. గంట కొట్టకపోతే ట్రాము కదులుతుందా? ఇదీ అంతే. ఏదీ, కొట్టండి. ఆ, అలా గట్టిగా.

అనగా అనగా సముద్రం ఒడ్డున ఒక పట్నం. ఆ పట్నంలో ట్రాము కొత్తగా వచ్చిన రోజులు. మా తాత అప్పటికి పుట్టలేదు. వాళ్ల తాత పుట్టాడో లేదో నాకు తెలీదు. పట్నానికి అవతల, ఉప్పుమళ్లు దాటి, ఉప్పునీటి బురద పర్ర దాటితే గుల్లలపాలెం అని ఒక పల్లె. గుల్లలు కాల్చి సున్నం చేసి అమ్ముకునేవాళ్ల పల్లె. అందులో ఇద్దరు అక్కచెల్లెళ్లు. అక్క దాలమ్మ, చెల్లి పారమ్మ. తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోయారు. అక్కే చెల్లికి నీళ్లు పోసింది, అక్కే తల దువ్వింది, అక్కే గోరుముద్దలు పెట్టింది. పారమ్మకి అమ్మంటే దాలమ్మే.

పారమ్మ పెద్దదైంది. పట్నం నుంచి సున్నం కోసం బండి తోలుకొచ్చే అసిరయ్య మీద మనసు పడింది. వాడు ట్రాము పట్టాలు పరిచే మేస్త్రీల దగ్గర కూలి. మనిషి మంచివాడే. కానీ దాలమ్మ అప్పటికే మేనత్త కొడుక్కి చెల్లినిస్తానని మాటిచ్చేసింది. ఇంకేముంది, ఇల్లు రణరంగమైంది. ఊరంతా గుమ్మం ముందు పోగైంది.

"ఆ ఇనప పట్టాలోడితో ఎలిపోతావేటే?" అంది దాలమ్మ.

"ఎలిపోతానక్కా."

"అయితే ఎల్లు. మన ఊరికి ట్రాము వచ్చిన రోజున నీ మొహం చూస్తాను. అందాకా నా గుమ్మం తొక్కకు."

పదిమందిలో అనేసింది. అప్పట్లో ట్రాము అంటే పట్నం నడిబొడ్డున, రేవు నుంచి గడియార స్తంభం దాకా తిరిగే బండి. అది ఉప్పుమళ్లు దాటి పల్లెకొస్తుందని ఎవరనుకుంటారు? ఇక ఈ జన్మలో నీ మొహం చూడను అనడమన్నమాట. అనేసి లోపలికెళ్లి, తలుపేసుకుని, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. ఆ ఏడుపు పారమ్మకి వినబడలేదు. వినబడి ఉంటే ఈ కథే లేదు.

పారమ్మ ఏం చేసింది? గుమ్మానికి వేలాడుతున్న ఎండు తోరణంలోంచి ఒక్క ముద్దబంతి పువ్వు తెంపుకుంది. అక్క పెరట్లో పూసిన బంతి అది. కొంగున ముడేసుకుని, సున్నం బండెక్కి వెళ్లిపోయింది.

కొన్నాళ్లు బాగానే గడిచింది. తర్వాత విషజ్వరం వచ్చి అసిరయ్య పోయాడు. పిల్లా జెల్లా లేరు. ట్రాము షెడ్డు పక్కన ఒక గుడిసె, అందులో పారమ్మ ఒక్కతే. చుట్టుపక్కల అమ్మలక్కలు వచ్చి బుద్ధి చెప్పారు.

"మీ అక్క దగ్గరకి పోవే పిచ్చిదానా. కోపంలో ఏదో అంది. నిన్ను చూస్తే కరిగిపోదా?"

"కరిగిపోద్దని నాకూ తెలుసు," అంది పారమ్మ. "కానీ పదిమందిలో అంది. ఇప్పుడు నేను పోయి గుమ్మంలో నిలబడితే, లోపలికి రానీకపోతే మా అక్కది రాతి గుండె అంటారు. రానిస్తే మాట మీద నిలబడని మనిషి అంటారు. మా అక్కని ఎవరూ ఏమీ అనకూడదు. ట్రాము ఎల్లిన రోజునే ఎల్తాను."

అమ్మలక్కలు బుగ్గలు నొక్కుకున్నారు. దీనికి మతి పోయిందనుకున్నారు.

అప్పుడే ట్రాము ఎక్కేవాళ్లు గోల మొదలెట్టారు. దుమ్మో దుమ్మని. ఉతికిన బట్టలతో ఎక్కితే ఎర్రమట్టితో దిగుతున్నామని. దాంతో ట్రాము కంపెనీ దొర పట్టాల పక్కన మట్టి వేయించి మొక్కలు పెట్టించమన్నాడు. నీళ్లు పోసే మనిషి కావాలన్నారు. పారమ్మ పరిగెత్తుకెళ్లి ఆ పని అడిగి పుచ్చుకుంది. ఎందుకనుకున్నారు? పట్టా ముందుకు జరిగితే అందరికన్నా ముందు తెలిసేది ఆ పనిలో ఉన్నవాళ్లకేగా.

కొంగు ముడి విప్పింది. ఎండు పువ్వు నలిపి, ఆ గింజలు పట్టాల పక్కన చల్లింది. కుళాయి దగ్గర కుండ నింపుకోవడం, వంగి వంగి పోసుకుంటూ పోవడం. మేకల్ని అదిలించడం, పల్లీ తొక్కలు ఏరడం. ట్రాములోంచి ఎవరైనా తాంబూలం ఉమ్మితే మాత్రం ఊరుకునేది కాదు. "నీ ఇంటి గుమ్మం మీద ఇలాగే ఉమ్ముతావేటి బాబూ?" అని బండి వెంట పడేది. ఉమ్మినవాడు సీటు కింద దూరేవాడు. పూలు వాడాక ఎండబెట్టి, గింజలు తీసి, మళ్లీ కొంగునే ముడేసేది. మేలైన మట్టి ఎక్కడ కనబడినా గంపకెత్తేది. అలా రేవు నుంచి గడియారం దాకా పచ్చగా బంతి విరగబూసింది.

కొన్నాళ్లకి లైను పొడిగించారు. పట్టా ఎక్కడిదాకా వెళ్తే బంతి అక్కడిదాకా వెళ్లింది. పారమ్మ కుండ దింపి, కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని, ట్రాము తోలే కూర్మయ్యని అడిగింది.

"గుల్లలపాలెం వచ్చీసిందా కూర్మయ్యా?"

"ఇంకా లేదమ్మా. ఇది సంత."

మళ్లీ కొన్నేళ్లకి లైను పొడిగించారు. పట్టా ఎక్కడిదాకా వెళ్తే బంతి అక్కడిదాకా వెళ్లింది. ఇటిక బట్టీల పొగలో నిలబడి మళ్లీ అడిగింది.

"గుల్లలపాలెం వచ్చీసిందా కూర్మయ్యా?"

"ఇంకా లేదమ్మా. ఇవి ఇటిక బట్టీలు."

మూడోసారి పొడిగించేటప్పటికి పారమ్మ జుట్టు ముగ్గుబుట్టయింది, నడుం వంగింది. ఈసారి పట్టా ఉప్పుమళ్లు దాటింది. దాటి, పర్ర అంచుకొచ్చి ఆగిపోయింది. పర్ర అవతల తాటాకు కప్పులు, సున్నం బట్టీలు. ఆ కప్పుల్లో ఒకటి దాలమ్మది. అక్క పొయ్యి పొగ కూడా కనబడుతోంది! పారమ్మ కుండ దింపి అడిగింది.

"గుల్లలపాలెం వచ్చీసిందా కూర్మయ్యా?"

కూర్మయ్య బండి దిగి ఆమె పక్కకొచ్చాడు. "ఇంకా లేదమ్మా. ఇది పర్ర. ఊరి పొలిమేర రాయి అవతల గట్టునుంది. బురదలో పట్టా నిలబడదంట. లైను ఇంక పొడిగించరంట తల్లీ."

పారమ్మ పట్టా చివర కూలబడింది.

కూర్మయ్యే ఉండబట్టలేక అన్నాడు. "పర్ర మీద కాలిబాట ఉంది కదమ్మా. నాలుగడుగులు నడిస్తే మీ అక్క ఇల్లు. ఇంతదూరం వచ్చి ఈ పంతమేటి?"

"పంతమా? నాకా?" అంది పారమ్మ. "నడిస్తే నేనొచ్చినట్టు అవుద్ది కూర్మయ్యా. ట్రాము వచ్చినట్టు కాదు."

కళ్లు తుడుచుకుని లేచింది. కుండ ఎత్తుకుంది. ఉప్పునేలలో బంతి బతకదని అందరూ అన్నారు. గంపలతో మంచి మట్టి మోసింది, మంచినీళ్లు ఇటిక బట్టీల దగ్గర్నుంచి తెచ్చుకుంది. పట్టా చివర, పర్రకి ఎదురుగా, అక్క ఇంటి వైపు చూసేలా బంతి వరస పెట్టింది. బంతి బతికింది. పూసింది కూడా. సాయంత్రం పూట అవతల్నుంచి గాలి వీస్తే, చేపల పులుసు వాసన వచ్చేది. చింతపండు కాస్త ఎక్కువేసే అక్క చెయ్యి. ఆ వాసన పీల్చుకుంటూ అక్కడే కూర్చునేది. "అక్కా, ఈ పూలు నీకు కనబడుతున్నాయా?" అని తనలో తనే అడిగేది.

కనబడేవి. ఆ సంగతి పారమ్మకి తెలీదు గానీ మీకు చెప్పీస్తాను. దాలమ్మ రోజూ పొద్దున్నే గుమ్మంలోకొచ్చి పర్ర అవతలికి చూసేది. పచ్చటి గీత కనబడేది. తోరణంలో ఒక పువ్వు తెగి ఉండటం ఆనాడే చూసింది కాబట్టి, అది తన పెరటి బంతేనని మొదటి రోజే పోల్చుకుంది. గీత పచ్చగా ఉందంటే చెల్లి బాగుందన్నమాట. అది చూసి లోపలికెళ్లి పొయ్యి వెలిగించేది. కబురు పెట్టచ్చు కదా? పెట్టచ్చు. తనూ వెళ్లచ్చు కదా? వెళ్లచ్చు. పదిమందిలో అన్న మాట కాళ్లకి చుట్టుకుంది. పాపం, ఇద్దరికీ అదే తాడు.

ఒక ఎండాకాలం దాలమ్మ గుమ్మంలోకొచ్చి చూస్తే, పచ్చటి గీత కాస్త వెలిసింది. మర్నాడు చూస్తే గోధుమరంగు. ఆ మర్నాడు చూస్తే గీతే లేదు.

దాలమ్మ పొయ్యి వెలిగించలేదు. గడపార తీసుకుని పొలిమేర రాయి దగ్గరకెళ్లి తవ్వడం మొదలెట్టింది.

ఊరు ఊరంతా పరిగెత్తుకొచ్చింది. "ఓలమ్మో! పొలిమేర రాయి కదపడమేటి! ఊరికి అరిష్టం!"

"ఊరు పెరిగింది. రాయి జరుగుతోంది. తప్పుకోండి," అంది దాలమ్మ.

రాయి తక్కువదా? రుబ్బురోలంత ఉంది. ముసలిది దాన్ని పెళ్లగించి పర్ర మీది బాటలో దొర్లించుకుంటూ బయల్దేరింది. మొదట జనం తిట్టారు. తర్వాత నవ్వారు. చేతులు దోక్కుపోయి రాయి మీద నెత్తురు కనబడేసరికి నోళ్లు మూతపడ్డాయి. ఒక్కొక్కరే వచ్చి భుజం పట్టారు. రాయి పట్టా చివరకి చేరింది. అక్కడే గుంట తీసి పాతారు. దాలమ్మ పసుపు రాసింది, బొట్టు పెట్టింది. పారమ్మ కుండ అక్కడే బోర్లించి ఉంటే తీసి, ఊళ్లోంచి నీళ్లు తెప్పించుకుని, ఎండిన మొక్కలకి పోస్తూ కూర్చుంది.

ట్రాము వచ్చింది. కూర్మయ్య దిగాడు. దాలమ్మ అడిగింది.

"ఈ పూలకి నీళ్లు పోసే మనిషేది బాబూ?"

"జ్వరంతో పడుందమ్మా. మూసిన కన్ను తెరవడం లేదు."

"తీసుకురా. గుల్లలపాలేనికి ట్రాము వచ్చీసిందని చెప్పు."

"ఇది గుల్లలపాలెం కాదు కదమ్మా..." అంటూనే కూర్మయ్య రాయిని చూశాడు. పసుపు చూశాడు. ఆ చేతులు చూశాడు. గబగబా బండెక్కాడు.

ఆ రోజు ట్రాము ఏ స్టాపులోనూ ఆగలేదు. సంతలో దిగాల్సినవాడు పనసకాయ నెత్తిన పెట్టుకుని "ఓరి నాయనో, ఆపరా" అని మొత్తుకుంటున్నా ఆగలేదు. షెడ్డు పక్క గుడిసె ముందు ఆగింది. కూర్మయ్య పారమ్మని పసిపిల్లని ఎత్తినట్టు ఎత్తుకొచ్చి సీటు మీద పడుకోబెట్టాడు. పనసకాయవాడికి సంగతి తెలిసింది. కాయ పక్కన పెట్టి, ఆమె తల తన ఒళ్లో పెట్టుకున్నాడు. దారి పొడుగునా గంట మోగుతూనే ఉంది.

బండి ఆగింది. పారమ్మ కళ్లు తెరవకుండానే, అలవాటు కొద్దీ అడిగింది.

"గుల్లలపాలెం... వచ్చీసిందా కూర్మయ్యా?"

"వచ్చీసిందమ్మా," అన్నాడు కూర్మయ్య.

పారమ్మ కళ్లు తెరిచింది. పసుపు రాసిన పొలిమేర రాయి, దాని పక్కన తెల్లజుట్టు ముసలమ్మ. ముసలమ్మే ట్రాము మెట్టెక్కి వచ్చి, చెల్లి మొహం రెండు చేతులతో పట్టుకుని తనివితీరా చూసింది. ఆ చేతుల్ని పారమ్మ చూసింది.

"అక్కా, ఈ దెబ్బలేటి?"

"అదంతా తర్వాత. అన్నం తిన్నావేటే?"

అంతే అంది. ఇద్దరూ భోరుమన్నారు. పారమ్మని మంచం మీద ఇంటికి మోసుకెళ్లారు. దాలమ్మ గోరుముద్దలు పెట్టింది. ఆ తర్వాత పారమ్మ మూడు రోజులు బతికిందని కొందరంటారు, మూడు బంతి కాపులు చూసిందని కొందరంటారు. నేనైతే మూడు కాపులే అంటాను. అంతకు తక్కువైతే నా మనసొప్పదు.

పారమ్మ పోయాక, దాలమ్మ ఓపికున్నన్నాళ్లూ ఆ వరసకి నీళ్లు పోసింది. ప్రతి ట్రాముకీ లేచి నిలబడి, దిగేవాళ్ల మొహాలు చూసేది. చెల్లి దిగదని తెలుసు. తెలిసినా చూసేది.

ఆ చివరి స్టాపుని ఇప్పటికీ జరిపిన రాయి అనే అంటారు. అక్కడ దిగేవాళ్లు చెంబులో మిగిలిన నీళ్లు బంతి మొదట్లో పోసి మరీ వెళ్తారు. ఇంకోటి. ఆ పట్నంలో ఇద్దరికి మాటల్లేకపోతే, ఎవరో ఒకరు చిన్న రాయి తెచ్చి అవతలివాళ్ల గుమ్మంలో పెడతారు. "ట్రాము వచ్చీసింది, దిగు" అంటారు. తప్పెవరిదని అవతలివాళ్లు అడగకూడదు. దిగి, అన్నానికి వెళ్లాలి.

కథ చివరి స్టాపుకొచ్చింది. ఊఁ కొట్టడం ఆపి లేవండి. మీలో ఎవరైనా ఎవరితోనైనా మాటలు మానేసి ఉంటే, వీధిలో రాళ్లు బోలెడున్నాయి.