చుక్కి గూడు ఎక్కడ?

జోగారావు ఇంటి పెరట్లో మనుషుల కంటే జంతువులే ఎక్కువ మాట్లాడుకుంటాయి. మనుషులకి టీవీ ఉంది మరి. ఆ పెరట్లో ఒక కోడిపెట్ట, దాని వెనకాల బారుగా దాని పిల్లలు. ఎవరేమన్నా నములుతూ తలూపే మేక. ఈ మధ్యే వచ్చి చేరిన కుందేళ్ళు రెండు. మగది తింటుంది, పడుకుంటుంది. దాని గురించి చెప్పుకోడానికి అంతకుమించి ఏమీ లేదు. ఆడదాని పేరు చుక్కి. నుదుట నల్లమచ్చ ఉందని జోగారావు కూతురు పెట్టింది ఆ పేరు.

కుందేళ్ళ పెంపకం ఆ ఇంటిల్లిపాదికీ కొత్త సరదా. మండపేటలో బావమరిది ఇంటి నుంచి జోగారావు వాటిని బుట్టలో పెట్టుకొచ్చాడు. చుక్కి కడుపుతో ఉందని తెలిశాక ఆయన కాలు నిలవలేదు. ఒక యాపిల్ పెట్టె తెచ్చి, మేకులు కొట్టి, కొబ్బరిపీచు పరిచి, దానిమీద సుద్దముక్కతో ‘పురిటి గది’ అని రాశాడు కూడా. చుక్కి ఆ పెట్టెని ఒకసారి వాసన చూసింది. తర్వాత వెళ్ళి కరివేపాకు చెట్టు మొదట్లో తనకి నచ్చినట్టు బొరియ తవ్వుకుంది. రొమ్ము మీది బొచ్చు పీకి పరుపు వేసుకుంది. అందులోనే కంది. కళ్ళు తెరవని, వెంట్రుక మొలవని, వేలెడేసి పిల్లలు. పాలిచ్చి బయటికొచ్చి, బొరియ మూతి మట్టితో పూడ్చి, ముందుకాళ్ళతో తట్టి చదును చేసింది. ఆ తర్వాత పగలంతా అటు కన్నెత్తి చూడలేదు.

కుందేలు తల్లుల పద్ధతే అంత. చీకటి విడీ విడకముందే వెళ్ళి, మట్టి తీసి, కడుపు నిండా పాలిచ్చి, మళ్ళీ పూడ్చేసి వచ్చేయాలి. పక్కింటి పిల్లికి ఆ వేళ బయటికి దారి లేదు. పాలవాడు గంట కొడితేగాని పక్కింటావిడ తలుపు తీయదు. ఆ గంట మోగేసరికి చుక్కి ఏమీ ఎరగనట్టు గడ్డి కొరుకుతూ ఉండేది.

“నీ ఒంటికి వాసన ఉంది, నీ నడకకి జాడ ఉంది,” అని చెప్పింది చుక్కికి వాళ్ళమ్మ, బుట్ట ఎక్కించే ముందు. “పిల్లల దగ్గర కూర్చున్నంతసేపూ శత్రువుని పేరు పెట్టి పిలుస్తున్నట్టే. దూరంగా ఉండు. గుండె పీకుతుంది. పీకనీ.”

గుండె పీకుతూనే ఉంది. ఆకు కొరికితే ఆకులో పిల్లలే. కళ్ళు మూస్తే పిల్లలే. మట్టి ఎక్కువ కప్పానా, గాలి ఆడుతోందా, చీమలేమైనా పట్టాయా? అన్నీ లోపలే. పైకి మాత్రం నమలడం ఆపలేదు.

ఇంట్లోవాళ్ళూ ఊరుకోలేదు. జోగారావు ఫోనులో నాలుగు వీడియోలు చూసి, “ఇది పాలిచ్చే రకం కాదే. తవ్వి తీసేద్దామా?” అన్నాడు. ఆయన భార్య నాగరత్నం నీళ్ళపొయ్యి దగ్గర్నుంచి తలెత్తకుండానే, “నేను ఇద్దర్ని కన్నప్పుడు ఎవరి వీడియో చూశాను? దాని జోలికెళ్ళకండి,” అంది. అని, పొయ్యిలో నిప్పులు రేకుచేటతో ఎత్తి పక్కనున్న గుంటలో పోసి, ఎగిరిపడకుండా పైన బూడిద కప్పింది. అది ఆమెకి రోజూ అలవాటు. ఆ గుంట పైకి మెత్తగా, చల్లగా కనిపిస్తుంది. వచ్చిన కొత్తలో చుక్కి అందులో కాలు పెట్టి వారం కుంటింది. అప్పట్నుంచి పెరట్లో అందరికీ ఆ గుంట సంగతి తెలుసు.

మనుషులు లోపలికి వెళ్ళగానే కోడిపెట్ట వచ్చింది, రెక్కలు విదిలించుకుంటూ.

“ఏమే చుక్కీ, కని పారేసి తిరుగుతున్నావా?”

“పారెయ్యలేదత్తా. మా పద్ధతి అంతే.”

“పద్ధతా! ఇరవై ఒక్క రోజులు గుడ్ల మీంచి లేవలేదు నేను. నీళ్ళు కూడా తాగలేదు. ఇప్పటికీ ఇదిగో, రెక్క తీస్తే రెక్క కిందే ఉన్నారు నా బంగారాలు. తల్లంటే అదీ.”

“తల్లంటే అదే మరి,” అంది మేక, నములుతూ.

“మా అమ్మ చెప్పింది...”

“మీ అమ్మా నీలాగే తిరిగి ఉంటుంది. ఊరంతా అనుకుంటున్నారే! పక్కింటి పిల్లి కూడా నిన్న నాతో అరగంట బాధపడింది. ‘పాపం, ఆ పసిగుడ్లు ఏ మూల ఏడుస్తున్నాయో వదినా’ అని కళ్ళొత్తుకుంది. పిల్లికే జాలేసిందంటే చూసుకో!”

“నిజమే, చూసుకోవాలి,” అంది మేక.

చుక్కి చెవులు వీపుకి అతుక్కుపోయాయి. అందరూ ఒకే మాట అంటుంటే తన మాట తనకే తప్పుగా వినిపించడం మొదలైంది. అమ్మది వేరే ఊరు. ఆ ఊళ్ళో చెల్లిన పద్ధతి ఇక్కడ చెల్లదేమో. ఏమో, నిజంగా ఏడుస్తున్నారేమో.

సరిగ్గా అప్పుడే గోడ మీంచి మెత్తగా వినిపించింది.

“చుక్కీ... అమ్మాయ్...”

పక్కింటి పిల్లి. ముందుకాళ్ళు ఒద్దికగా దగ్గరికి పెట్టుకుని, తోక చుట్టూ చుట్టుకుని కూర్చుంది.

“తిడతావేమో అని రాలేదు గానీ, మనసాగక వచ్చానమ్మా. ఇందాక ఇటు వస్తుంటే సన్నగా ఏడుపు వినిపించింది. ఎక్కడిదో పోల్చుకోలేకపోయాను. చలికి ఒణుకుతున్నారో, ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి ఊపిరాడట్లేదో.”

“ఏడుపా పిన్నీ?” అంది చుక్కి.

“నా చెవులు అబద్ధం చెప్తాయా? ఒక్కసారి వెళ్ళి చూసుకునిరా తల్లీ. నేను అటు తిరిగి కూర్చుంటాలే.”

“వెళ్ళవే రాయీ!” అని అరిచింది కోడి.

కాళ్ళు చుక్కి మాట వినలేదు. ఒక గెంతు, ఇంకో గెంతు. కరివేపాకు చెట్టు వైపే. నీడ దాకా వెళ్ళి, భయం పుట్టి ఒకసారి వెనక్కి చూసింది.

పిల్లి అటు తిరగలేదు. చెవులు రెండూ ముందుకి గురిపెట్టి ఉన్నాయి. మీసాల దగ్గర, మూతికి ఒక పక్కన, ఏదో అంటుకుని ఉంది. పసుపుపచ్చగా, మెత్తగా, గాలికి అల్లాడుతోంది. కోడిపిల్ల నూగు.

చుక్కి ముందుకి తిరిగింది. అడుగు కింద మట్టి చదునుగా తగిలింది. పొద్దున తను తట్టిన మట్టే. ఇంకొక్క క్షణం ఇక్కడ ఆగితే చాలు, చెప్పకుండానే చెప్పినట్టు. వెనక్కి పరిగెత్తినా అంతే, ఎక్కడ బెదిరిందో పిల్లి గుర్తుపెట్టుకుంటుంది. అమ్మ ఆగొద్దంది, కూర్చోవద్దంది. మరి అప్పటికే వచ్చేసిన తల్లి ఏం చేయాలో అమ్మ చెప్పలేదు.

చుక్కి ఆగలేదు. తన పిల్లల నెత్తి మీంచే, అదేదో ఊరికే ఉన్న నేల అన్నట్టు, నడిచి దాటిపోయింది. నీళ్ళపొయ్యి పక్కకి వెళ్ళింది. బూడిద గుంట అంచున కూర్చుని, గడ్డం కిందికి తల వంచి, రొమ్ము మీద మిగిలిన బొచ్చు పీకింది. మొదటిసారి పీకినప్పుడు వదులుగా వచ్చింది, అది ఒళ్ళు ఇచ్చిన బొచ్చు. ఈసారి చర్మం కూడా లేచొచ్చినట్టయింది. నెత్తుటి చుక్క మెరిసింది. ఆ బొచ్చుని గుంటలో బూడిద మీదికి జార్చి, మీద కాస్త మట్టి లాగి, గుంట అంచుని ముందుకాళ్ళతో తట్టింది. ప్రేమగా తట్టింది. చాలాసేపు తట్టింది. తర్వాత తలొంచుకుని వచ్చి కోడి పక్కన గడ్డి కొరకసాగింది. నోట్లోకి గడ్డి వెళ్ళలేదు, ఆ సంగతి ఎవరూ చూడలేదు.

“ఎలా ఉన్నారమ్మా?” అంది పిల్లి.

“బాగానే ఉన్నారు పిన్నీ. వెచ్చగా ఉంది అక్కడ.”

“హమ్మయ్య! నాకిప్పుడు మనసు కుదుటపడింది.” పిల్లి గోడ దిగింది.

నెమ్మదిగా, షికారుకి వచ్చినట్టు వచ్చింది. కరివేపాకు చెట్టు దగ్గర ఆగింది. ముక్కు దించింది. చుక్కి గడ్డి మీంచి తల ఎత్తలేదు. కదలకండి నాన్నా, లోపల ఒక్క కాలు కూడా కదపకండి. పిల్లి ముక్కు ఎత్తి గుంట వైపు చూసింది. అక్కడ తెల్లబొచ్చు గాలికి ఊగుతోంది. మీసాలు దువ్వుకుని అటు కదిలింది. పిల్లి ఉండే ఇంట్లో నీళ్ళు గీజరులో కాగుతాయి. బూడిద కింద ఏముంటుందో దానికెవరు చెప్తారు?

కోడికి మాత్రం తెలుసు. మెడ చాచి చూసి, నోరు తెరిచింది. “ఒసే చుక్కీ, అక్కడా పెట్టావు? అది...”

“అత్తా,” అంది చుక్కి గొంతు తగ్గించి, “ముందు నీ పిల్లల్ని లెక్కపెట్టుకో.”

“నా పిల్లలకేమయిందే?”

“లెక్కపెట్టుకో అత్తా. ఆ తర్వాత పిన్ని మూతి చూడు.”

కోడి రెక్క ఎత్తింది. కింద చూసింది. ఇటు చూసింది, అటు చూసింది. ఎప్పుడూ తోక పట్టుకుని తిరిగే ఆఖరిది లేదు. చుక్కికి నీతులు చెప్పిన ఆ కాసేపూ కోడి వెనక్కి తిరగలేదు. తలెత్తి పిల్లి మూతి చూసి, బూడిద మాట మింగేసింది.

పిల్లి ముందుకాళ్ళు రెండూ ఒక్కసారిగా బొచ్చులోకి దింపింది, దొరికినన్నిటినీ ఒక్క పట్టున లాగేద్దామని.

ఆ కేకకి కాకులు లేచిపోయాయి. పిల్లి ఎగిరి పడింది, పడి మళ్ళీ ఎగిరింది, నాలుగు కాళ్ళనీ ఎక్కడ పెట్టాలో తెలియక గాల్లోనే ఈదింది. నాగరత్నం చీపురు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. “దొంగముండా! మొన్నటి పాలు కూడా నువ్వేనా!” అని రెండు వడ్డించింది. పిల్లి గోడ ఎక్కడానికి మూడుసార్లు జారింది. తర్వాత ఆ గోడ మీద మళ్ళీ దాని తోక కనిపించలేదు.

“నేను ముందే అనుకున్నాను,” అంది మేక.

“నువ్వు నోర్మూయ్,” అంది కోడి. పొద్దుగూకే దాకా పెరడంతా తిరుగుతూ రాని బిడ్డని పిలుస్తూనే ఉంది. చుక్కి దాని వెనకే తిరిగింది. అలా చెప్పి కోడి నోరు మూయించినందుకు చుక్కికి తన మీద తనకే రోత పుట్టింది. చెప్పకపోతే తన పిల్లలు ఉండేవాళ్ళు కారు. ఈ రెండూ నిజమే.

కళ్ళు తెరుచుకుని, బొద్దుగా, చెవులు సగం లేచిన పిల్లలు ఒక పొద్దున కరివేపాకు చెట్టు కింది మట్టిని తామే తోసుకుని బయటికొచ్చాయి. జోగారావు ఇంటిల్లిపాదినీ కేకేసి, “చూశారా, అంతా నా పురిటి గది మహిమ!” అన్నాడు. నాగరత్నం ఆయన కేసి చూసిన చూపు ఇక్కడ రాయలేను. కోడిపెట్ట దగ్గరికొచ్చి, ఆ పిల్లల్ని చూసి, అలవాటు కొద్దీ “ఏమే చుక్కీ, వీళ్ళని ఇలా...” అని మొదలెట్టి, ఆగి, మెడ తిప్పుకుని తన పిల్లల వెనక్కి వెళ్ళి నడిచింది. అప్పట్నుంచి అది ముందు నడవడం మానేసింది.

పిల్లల్ని ఎలా పెంచాలో మీకు చెప్పడానికి ఎవరైనా జాలిగా వస్తే, మాట వినేముందు మూతి చూడండి.