ఇందుమతి వంతు

ఇందుమతికి కళ్ళు బాగానే పనిచేస్తున్నాయి. తెర మీద కోట తలుపు దగ్గర కావలి రాక్షసుడు కత్తి ఎత్తబోతున్నాడు. ఎత్తే ముందు వాడి ఎడమ భుజం కాస్త కిందికి దిగుతుంది. అది దిగగానే పక్కకు దొర్లాలి. ఈ సంగతి కడపలో ఆమెకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

భుజం దిగింది. దొర్లాలనుకుంది. బొటనవేలు కదిలింది. అప్పటికే కత్తి మీద పడింది.

తెర ఎర్రబడి, తర్వాత నల్లబడింది. ఆమె మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ భుజం దిగింది. మళ్ళీ కత్తి పడింది.

చలికాలంలో ఆమెకు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ దాని వెనకాలే కాళ్ళూ చేతులూ పడిపోయాయి. నరాల జబ్బు అన్నారు. తిరుపతిలో పెద్దాసుపత్రిలో చాలాకాలం ఉంది. మెల్లగా నడక తిరిగొచ్చింది. అన్నం కలుపుకోవడం, జడ వేసుకోవడం వచ్చాయి. వేళ్ళు మాత్రం, దూరంగా ఉన్న మనిషిని పిలిస్తే పలికినట్టు, కాస్త ఆగి పలికేవి.

వానలు మొదలయ్యాక ఆమె మళ్ళీ గౌస్ ఉస్తాద్ దగ్గరికి వచ్చింది.

ఉస్తాద్ హాలు ఒకప్పుడు తాలింఖానా. ఆయన తండ్రి అక్కడ కుర్రాళ్ళకు కుస్తీ నేర్పేవాడు. తండ్రి పోయాక, కుస్తీకి వచ్చేవాళ్ళూ తగ్గిపోయాక, ఉస్తాద్ ఆ మెత్తటి మట్టి మీద గచ్చు చేయించి, గోడల వెంట టీవీలు పెట్టించి, వీడియో గేముల హాలుగా మార్చాడు. అయినా చెప్పులు బయటే విడవాలి. ఆయన్ని ఉస్తాద్ అనమని ఎవరికీ ఎవరూ చెప్పలేదు. అందరూ అలాగే పిలిచేవారు.

కొత్తవాళ్ళు వస్తే ఏ ఆట కావాలని ఆయన అడిగేవాడు కాదు. జేబులోంచి ఒక చాక్లెట్ తీసి, చెప్పకుండా వాళ్ళ మీదికి విసిరేవాడు. గాల్లో ఉండగానే పట్టుకున్నవాళ్ళకు కత్తియుద్ధాల ఆటలు ఇచ్చేవాడు. గుండెల మీద పడ్డాక అదిమి పట్టుకున్నవాళ్ళకు గుహల్లో దారులు వెతికే సాహసాల ఆటలు. కింద పడ్డాక వంగి తీసుకునేవాళ్ళకు, కొందరు మనుషుల్ని వెంటబెట్టుకుని తిరుగుతూ, శత్రువుతో ఒకరి తర్వాత ఒకరుగా వంతులేసుకుని పోరాడే ఆటలు.

"ఏ ఆటా తక్కువది కాదప్పా. నీ చేతికి ఏది సరిపోతే అది ఆడు," అనేవాడు.

ఇందుమతి మొదటిసారి వచ్చినప్పుడు గోడ మీద బొమ్మ చూస్తూ, ఇటు తిరక్కుండానే చాక్లెట్ పట్టుకుంది. ఆ తర్వాత కొన్నాళ్ళకే ఆ హాల్లో ఆమెను మించినవాళ్ళు లేకుండా పోయారు. ఆమెకు నచ్చిన ఆట కోటలోకి ఇద్దరు కలిసి చొరబడే ఆట. దాని అసలు పేరు ఏదైనా, హాల్లో అందరూ నల్లకోట అనేవారు. మహబూబ్ అనే కుర్రవాడు ఆమెకు జోడీ.

జబ్బుపడి లేచి వచ్చిన ఆమెను చూడగానే ఉస్తాద్ కుర్చీలోంచి లేచాడు. జేబులో చేయి పెట్టాడు. విసరలేదు. దగ్గరికి నడిచొచ్చి, ఆమె అరచేతిలో చాక్లెట్ పెట్టి, వేళ్ళు మూశాడు.

ఇందుమతికి చెంప మీద కొట్టినట్టయింది.

"విసరండి ఉస్తాద్," అంది.

"తినమ్మా. బాగా చిక్కిపోయినావు."

"తినడానికి రాలేదు నేను. దసరాకు హైదరాబాద్‌లో పోటీ ఉంది. నేనూ మహబూబూ ఆడాల. ఎట్లాంటి మొద్దు చేతులకైనా మీరు నేర్పించినారు. నా చేతులు నాకు తెప్పించండి."

ఉస్తాద్ ఆమెకు నల్లకోట పెట్టి ఇచ్చి, వెనక నిలబడ్డాడు.

ఆ మధ్యాహ్నమంతా ఆమె తలుపు దాటలేకపోయింది. పక్క టీవీల దగ్గర ఆడేవాళ్ళు మొదట ఆమెను చూసి పలకరించారు. తర్వాత చూడనట్టు ఉన్నారు. రాక్షసుడు కత్తి దించిన ప్రతిసారీ వచ్చే చప్పుడు హాలంతా వినపడుతోంది.

చివరికి ఉస్తాద్ ముందుకొచ్చి ఆట మార్చాడు. తెర మీద ఒక మట్టిదారి, దారిలో నలుగురు మనుషులు. ముసలి వైద్యురాలు, పడవ నడిపేవాడు, లాంతరు పట్టుకున్న పిల్ల, ఎలుగుబంటిని ఆడించేవాడు. హాల్లో దాన్ని బాటసారులు అనేవారు.

ఇందుమతి కంట్రోలర్ కింద పెట్టేసింది.

"ఇది కిందపడింది ఏరుకునేవాళ్ళ ఆట. నాకొద్దు."

చెప్పులు కాళ్ళకు ఎక్కించుకోవడానికి గుమ్మం దగ్గర చాలాసేపు పట్టింది. ఎవరూ సాయం రాకుండా ఉస్తాద్ అందరినీ చూపుతోనే ఆపాడు.

ఇంట్లో ఆమె రబ్బరు బంతి పిసికేది. గిన్నెలో పోసిన శనగల్ని ఒక్కొక్కటే తీసి ఇంకో గిన్నెలో వేసేది. ఆమె తల్లి సులోచనమ్మ వంటింట్లోంచి చూసి, చూడనట్టు పొయ్యి వైపు తిరిగేది.

మళ్ళీ చూపించుకోవడానికి తిరుపతి వెళ్ళినప్పుడు డాక్టరు ఆమె వేళ్ళను వంచి, చాపి, చిన్న సుత్తితో మోచేతి మీద తట్టి చూశాడు. సుత్తి పక్కన పెట్టాడు.

"మీ పనులు మీరు చేసుకుంటున్నారు కదా. చాలా నయం. అందరికీ ఇంత రాదు," అన్నాడు.

"వేగం?"

"రావాల్సింది దాదాపు వచ్చేసిందమ్మా. ఇంక పెద్దగా ఆశ పెట్టుకోవద్దు."

తిరుగు బస్సు ఎక్కేటప్పుడు ఆమె కడ్డీ పట్టుకుని కాలు ఎత్తేలోపు కండక్టరు "తొందరగా అమ్మా, తొందరగా" అన్నాడు. వెనకున్నవాళ్ళు పక్కనుంచి దూరి ఎక్కేశారు. కోడూరు దాటేదాకా నిలబడే వచ్చింది. ఇంటికొచ్చి తల్లితో "బాగుందన్నారు" అని చెప్పింది.

ఉస్తాద్‌కు ఆ మాట కూడా చెప్పలేదు.

మర్నాడు హాలుకు వెళ్ళింది. మహబూబ్ ఉన్నాడు. ఆమెను చూడగానే తన పక్కనున్న లోకనాథ్ అనే కుర్రవాణ్ణి లేపి చోటిచ్చాడు.

"రా అక్కా. ఒక్కసారి ఆడదాం."

ఇద్దరూ కోటలోకి వెళ్ళారు. తలుపు దగ్గర రాక్షసుడు భుజం దించాడు. మహబూబ్ దొర్లలేదు. ఆమెకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. దెబ్బ అతని మీద పడింది. రెండోసారీ అతనే అడ్డం వచ్చాడు. అలా ఆమెను వెనక పెట్టుకుని మెట్ల దాకా లాక్కెళ్ళాడు. మెట్ల దగ్గర అతనికి ఊపిరి అయిపోయింది. అతను పడిపోయాడు. ఆ వెంటనే ఆమె.

"నా మూలంగా పోయినావు," అంది ఇందుమతి.

"పర్లేదులే అక్కా."

ఇంతకుముందు ఆమె వల్ల ఆట పోతే మహబూబ్ కంట్రోలర్ విసిరికొట్టి అరిచేవాడు. ఇద్దరూ సాయంత్రం దాకా మాట్లాడుకునేవారు కాదు. ఇప్పుడు అతని గొంతు, జబ్బుమనిషి మంచం పక్కన మాట్లాడే గొంతులా ఉంది.

"నువ్వు లోకనాథ్‌తో పో, హైదరాబాద్‌కు," అంది.

మహబూబ్ వద్దనలేదు. తల వంచుకున్నాడు. అతను వద్దంటాడని తాను ఎంత ఎదురుచూసిందో ఆమెకు అప్పుడే తెలిసింది.

పోటీ రోజు సాయంత్రం మహబూబ్ ఫోన్ చేశాడు. వెనక జనం ఈలలు, చప్పట్లు. అతని మాట సరిగ్గా వినపడలేదు.

"గెలిచినాం అక్కా! నువ్వు చూపించినావే, ఎడమ భుజం సంగతి, దాంతోనే గెలిచినాం!"

"సంతోషం రా," అంది. అటువైపు ఎవరో అతన్ని పిలిచారు. ఫోన్ ఆగిపోయింది.

సులోచనమ్మ వచ్చి ఎవరని అడిగింది. ఇందుమతి శనగల గిన్నె ఎత్తి డబ్బాలో గుమ్మరించింది. రబ్బరు బంతి కూడా మళ్ళీ ముట్టుకోలేదు. పొద్దున లేచి, కిటికీ దగ్గర కూర్చుని, వీధి చూస్తూ ఉండిపోయేది. పిలిస్తే పలికేది. పెడితే తినేది.

కొన్నాళ్ళకు ఉస్తాద్ వాళ్ళింటికి వచ్చాడు. సులోచనమ్మ కుర్చీ వేసింది. ఆయన కూర్చోలేదు.

"రేపు పొద్దున రామ్మా. హాలు తెరవకముందు," అన్నాడు.

"ఇంకెందుకు ఉస్తాద్? నా చేతులు రావంట. డాక్టరు చెప్పినాడు."

వంటింటి గుమ్మంలో సులోచనమ్మ చేతిలోని గ్లాసు గోడకు ఆనించి నిలబడిపోయింది. కూతురు నోట ఆ మాట ఆమె వినడం అదే మొదలు.

"రేపు రా," అన్నాడు ఉస్తాద్ మళ్ళీ.

మర్నాడు హాల్లో ఎవరూ లేరు. టీవీలన్నీ నల్లగా ఉన్నాయి. బయట ముసురు. ఒక్క తెర వెలిగించి, ఉస్తాద్ బాటసారుల ఆట పెట్టాడు. నలుగురూ అడవిలోకి వెళ్ళారు. తోడేలు తల ఉన్న మృగం ఒకటి చెట్ల చాటునుంచి వచ్చి ఎదురుగా నిలబడింది.

ఆయన కంట్రోలర్ ఆమె ఒళ్ళో పెట్టి, గొడుగు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

ఇందుమతి దాన్ని ముట్టుకోలేదు. కోపంగా తెర వైపు చూస్తూ కూర్చుంది. ఇంకో క్షణంలో ఆ మృగం మీద పడుతుంది, నలుగురూ చస్తారు, ఆట అయిపోతుంది. అయిపోనీ. అప్పుడు లేచి ఇంటికి పోవచ్చు.

మృగం పడలేదు.

అది ఊపిరి పీలుస్తోంది. వదులుతోంది. దాని మెడ మీద బొచ్చు గాలికి కదులుతోంది. లాంతరు పట్టుకున్న పిల్ల ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటోంది. ముసలి వైద్యురాలు కొంగు సర్దుకుంది. కాసేపటికి మళ్ళీ సర్దుకుంది.

బయట వాన పెరిగింది. రేకుల మీద చప్పుడు ఎక్కువైంది, మళ్ళీ తగ్గింది. మృగం అలాగే నిలబడి ఉంది.

ఉస్తాద్ తడిసిన గొడుగు గుమ్మంలో వాల్చి లోపలికి వచ్చాడు. చేతిలో టీ ఫ్లాస్కు ఉంది.

ఇందుమతి తల తిప్పకుండా అడిగింది. "ఇదెందుకు కొట్టలేదు ఉస్తాద్?"

"నీ వంతు కదమ్మా."

"నేనింక నొక్కనే నొక్కకపోతే?"

"నిలబడి ఉంటుంది."

ఆమె పెదవులు బిగబట్టుకుంది. కళ్ళలోంచి నీళ్ళు కారిపోతుంటే తుడుచుకోవడానికి చేయి ఎత్తింది. అది ముఖం దాకా రావడానికి పట్టే సమయం పట్టింది. ఉస్తాద్ టీ పోయడానికి అటు తిరిగాడు. చాలాసేపు అటే తిరిగి ఉన్నాడు.

టీ చల్లారాక ఆమె కంట్రోలర్ ఎత్తుకుంది. నలుగురిలో బలమైనవాడు పడవవాడు. అతన్ని ముందుకు పంపింది. కొట్టమంది. అతను తెడ్డు ఎత్తి మృగం తల మీద కొట్టాడు. మృగం తూలి, మెడ దించింది. ఆమె కొద్దిగా ముందుకు వంగింది. మళ్ళీ కొట్టమంది.

ఈసారి మృగం తలవంచి అతని కడుపులో కోరలు దింపింది. పడవవాడు మోకాళ్ళ మీద పడి, పక్కకు ఒరిగాడు. లేవలేదు. లాంతరు పిల్ల అతని మీదికి వంగి చూసింది.

"ఎందుకు పోయినాడు?" అన్నాడు ఉస్తాద్.

"నా చేయి..."

అని ఆగింది. తన చేతి వైపు చూసుకుంది. మళ్ళీ తెర వైపు చూసింది. మృగం కదలకుండా నిలబడే ఉంది.

"చేయి కాదు ఉస్తాద్," అంది మెల్లగా. "నేను తప్పుగా ఎంచుకున్నా. అది మెడ దించినప్పుడే తెలుసుకోవాల్సింది. కాచుకోమని చెప్పకుండా కొట్టమన్నా."

ఉస్తాద్ కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు.

"చేతులు తెప్పించడం నాకు రాదమ్మా," అన్నాడు. "ఇదైతే నేర్పగలను."